ఎక్కా యాదగిరిరావు, తెలంగాణ అమరవీరుల స్థూపం

ఎక్కా యాదగిరిరావు హైదరాబాద్‌కు చెందిన శిల్పి, శిల్పకళా అధ్యాపకుడు. శాసనసభ భవనానికి ఎదురుగా గన్‌పార్కులో ఉన్న తెలంగాణ అమరవీరుల స్థూపాన్ని రూపొందించింది ఆయనే. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో ప్రాణాలు కోల్పోయినవారి స్మృతికి అంకితమైన ఈ కట్టడం, జంటనగరాల్లోని బహిరంగ శిల్పాల్లో జనం తమదిగా భావించి దశాబ్దాల పాటు దగ్గరికి చేరుతూ వచ్చిన అరుదైన శిల్పం.

స్థూపం అనే మాటకు బౌద్ధంలో ఉన్న అర్థం వేరు. బుద్ధుని లేదా భిక్షువుల ధాతువుల మీద, అంటే అస్థికలు మొదలైన అవశేషాల మీద, అర్ధగోళాకారంలో నిర్మించే కట్టడాన్ని ఆ మతం స్థూపమంటుంది. తెలంగాణ పల్లెల్లో మాత్రం, సాయుధ రైతాంగ పోరాటంలో నేలకొరిగినవారి కోసం ఊరివాళ్లు, కమ్యూనిస్టు పార్టీ కార్యకర్తలు కలిసి కట్టుకున్న ఎర్రని దిమ్మెలకు, స్తంభాలకు ఆ పేరు స్థిరపడింది. వీరుల విగ్రహాలు చెక్కించే స్తోమత లేని ఊళ్లలో సైతం పేర్లు రాసిన స్థూపం ఉండేది. గన్‌పార్కు శిల్పానికి వాడుకలో ఉన్న పేరులో ఈ రెండు సంప్రదాయాలూ కలిశాయి.

1956 ఫిబ్రవరి 20న ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంలోని రక్షణలు, ముఖ్యంగా స్థానికులకే ఉద్యోగాలు దక్కాలనే ముల్కీ నిబంధనలు, అమలు కావడం లేదన్న ఆగ్రహం 1969 జనవరిలో ఖమ్మం జిల్లా నుంచి విద్యార్థి ఉద్యమంగా ఎగసింది. ఆ ఏడాది జరిగిన పోలీసు కాల్పుల్లో మరణించినవారు 369 మంది అని ఉద్యమకారుల లెక్క. వారిలో విద్యార్థులే ఎక్కువ. వారి స్మారకానికి 1970లో శంకుస్థాపన జరగగా, నిర్మాణం 1975 నాటికి పూర్తయింది. ఈ లోగా 1971 లోక్‌సభ ఎన్నికల్లో ప్రత్యేక రాష్ట్రం కోరిన తెలంగాణ ప్రజాసమితి ఆ ప్రాంతంలోని పద్నాలుగు స్థానాలకు పది గెలిచి, అదే ఏడాది కాంగ్రెస్‌లో విలీనమైంది. అంటే ఉద్యమం చల్లారిపోయిందని చాలామంది అనుకున్న కాలంలో ఈ శిల్పం పూర్తయింది.

యాదగిరిరావు ఎంచుకున్న పద్ధతి గమనించదగ్గది. ఆయన ఒక వీరుడి ముఖాన్ని గానీ, తుపాకీకి ఎదురొడ్డిన విద్యార్థి ఆకారాన్ని గానీ చెక్కలేదు. నల్ల గ్రానైట్ పీఠానికి నాలుగు వైపులా, వైపుకు తొమ్మిది చొప్పున చిన్న రంధ్రాలు తొలిచారు. అవి తూటా గుర్తులు. ఎర్ర రాతి స్తంభం మీద, ఏ దిక్కున నిలబడి చూసినా, తొమ్మిది గీతలు కనిపిస్తాయి. పైభాగంలో ధర్మచక్రం, శిఖరాన తొమ్మిది రేకుల తెల్ల పాలరాతి పువ్వు ఉంటాయి. తొమ్మిది అంటే నాటి తెలంగాణ జిల్లాల సంఖ్య. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడి అవి పదయ్యాయి, నేడు ముప్పై మూడు. రాతిలో మాత్రం తొమ్మిదే మిగిలి, ఆ శిల్పం ఏ కాలానిదో శాసనంలా చెబుతుంటాయి. నలుపు నుంచి ఎరుపుకు, ఎరుపు నుంచి తెలుపుకు చూపు పైకి పాకే ఈ వరసలో గాయం, త్యాగం, శాంతి ఒకదాని వెంట ఒకటి వస్తాయి. చదువు రానివారికి కూడా తూటా రంధ్రం అర్థమవుతుంది. ఈ శిల్పానికి అసలు బలం అదే.

పీఠం పైన నాలుగు వైపులా ఉన్న తోరణాలకు స్ఫూర్తి సాంచి స్థూప ద్వారాలు. ఆ ఎంపిక దక్కనుకు పరాయిది కాదు. సాంచి దక్షిణ తోరణం మీద, దక్కనును ఏలిన శాతవాహన రాజు శాతకర్ణి శిల్పులకు పెద్ద అయిన ఆనందుడు తన దానాన్ని పేర్కొంటూ వేయించిన శాసనం ఉంది.

యాదగిరిరావు బోధించిన హైదరాబాద్ ఫైన్ ఆర్ట్స్ కళాశాల మూలాలు 1940 నాటివి. 1972లో అది జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయంలో భాగమైంది, 2008లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది.

సికింద్రాబాద్‌లోనూ అమరుల స్మారకం ఉంది. 1897 ఫిబ్రవరి 1న బ్రిటిష్ రెసిడెంట్ ప్లౌడెన్ ప్రారంభించిన గడియార స్తంభం చుట్టూ ఉన్న తోటలో, క్లాక్‌టవర్ పార్కుగా అందరూ పిలిచే చోట, 1969 మృతుల స్థూపం నిలిచింది. కంటోన్మెంటు నీడలో పెరిగిన ఈ ఊరి నడిబొడ్డున, దొరల కాలపు గడియారం పక్కనే ఊరి బిడ్డల గుర్తుకు చోటు దొరకడం చిన్న విషయం కాదు. ఆ తర్వాతి ప్రత్యేక రాష్ట్ర ఉద్యమ కాలంలో ర్యాలీలకు, నివాళులకు గన్‌పార్కుతో పాటు ఈ పార్కూ కూడలి అయింది.

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక, ఏటా అవతరణ దినోత్సవం నాడు ముఖ్యమంత్రి గన్‌పార్కు స్థూపం వద్ద పుష్పాంజలి ఘటించడం ఆనవాయితీ అయింది. 2023 జూన్ 22న హుస్సేన్‌సాగర్ ఒడ్డున, వెలుగుతున్న దీపం ఆకారంలో, స్టెయిన్‌లెస్ స్టీలు తొడుగుతో భారీ అమరుల స్మారకం ప్రారంభమైనా, తొలి పూలు పాత స్థూపానికే దక్కుతున్నాయి. 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం గద్దర్, గూడ అంజయ్య, అందెశ్రీ, గోరటి వెంకన్న వంటి కవిగాయకులతో కలిపి తొమ్మిది మందికి, ఒక్కొక్కరికి కోటి రూపాయల నగదు, ఇంటి స్థలం, తామ్రపత్రం ప్రకటించింది. ఆ జాబితాలో శిల్పి యాదగిరిరావు ఒక్కరే.