ఏడు కుల్చాల లెక్క

1806లో హైదరాబాద్ మూడో నిజాం సికిందర్ జా పేరు మీద సికింద్రాబాద్ వెలిసింది. ఇక్కడి జనం చెప్పుకునే కథ ప్రకారం ఆయన వంతుకొచ్చింది మూడో కుల్చా.

నిజాంల వంశమైన అసఫ్‌జాహీల పసుపు జెండా నడుమ గుండ్రటి గుర్తు చూసి చంద్రుడనుకునేవాళ్లున్నారు. అది కుల్చా అనే రొట్టె. తర్వాత మొదటి నిజాం అయిన మీర్ ఖమ్రుద్దీన్ దక్కనుకు బయల్దేరే ముందు హజ్రత్ నిజాముద్దీన్ ఔరంగాబాదీ అనే సూఫీ గురువును కలిశాడట. గురువు పసుపు గుడ్డలో కట్టిన కుల్చాలు విప్పి తినమన్నాడు. ఆకలి మీదున్న అతిథి ఏడు తిని, ఇక చాలన్నాడు. నీ వంశం ఏడు తరాలు ఏలుతుందని గురువు దీవించాడు. 1724లో దక్కనులో సొంత ఏలుబడి మొదలైంది. గుడ్డ జెండా అయింది, కుల్చా గుర్తయింది.

వట్టి గీతకు అర్థం ఎక్కించేది కథ, ఆ అర్థాన్ని నిలబెట్టేది అంకె. 14వ శతాబ్దం చివర్లో ఇంగ్లండ్‌లో పుట్టిన ‘సర్ గవైన్ అండ్ ద గ్రీన్ నైట్’ కావ్యంలోనూ ఇంతే. ఆర్థర్ రాజు కొలువులోని వీరుడు గవైన్ ఎర్రడాలు మీద బంగారు రంగులో ఐదు కొసల చుక్క, చెయ్యెత్తకుండా గీయగలిగేది. కవి దానికి ఐదు ఐదులు ముడివేశాడు: పంచేంద్రియాలు, ఐదు వేళ్లు, క్రీస్తు గాయాలు, మరియమ్మ ఆనందాలు, వీరుడి సుగుణాలు. అంత డాలు మోసినవాడూ ప్రాణభయంతో ఒక ఆకుపచ్చ నడికట్టు దాచుకుని మాట తప్పాడు. సిగ్గుపడుతూ దాన్నే ఒంటిమీద వేసుకుని తిరిగొస్తే, ఆర్థర్ కొలువు మొత్తం అలాంటిదే గౌరవంగా ధరించింది. గుర్తు అదే, అర్థం తిరగబడింది.

కుల్చా లెక్కలోనూ మెలిక ఉంది. 1748లో మొదటి నిజాం పోయాక 1762 దాకా నాసిర్ జంగ్, ముజఫర్ జంగ్, సలాబత్ జంగ్ వరసగా ఏలారు. వాళ్లనూ కలిపితే పాలకులు పదిమంది. అసఫ్‌జా బిరుదు లేనందున ఆ ముగ్గురికీ నిజాంల వరసలో నంబరు దక్కలేదు. తరాలు లెక్కేస్తే మాత్రం పేచీ లేదు. మొదటి నిజాం కొడుకు నిజాం అలీ నుంచి ఏడో నిజాం ఉస్మాన్ అలీ దాకా తండ్రి తర్వాత కొడుకే గద్దెనెక్కారు. 1948 సెప్టెంబరులో రాజ్యం భారత్‌లో కలిసేనాటికి సరిగ్గా ఏడు తరాలు.

దీవెనలో ఉన్నది తరాలు కాబట్టి కథ గట్టెక్కింది. జెండా మీద గుర్తు కనిపిస్తే, దాని వెనక లెక్కలో ఎవరిని కలిపారో, ఎవరిని వదిలేశారో అడిగి చూడాలి. సగం చరిత్ర అక్కడే దొరుకుతుంది.