ఇంటి సౌర విద్యుత్తు – గృహ అలవాట్లు (తెనాలి, బాపట్ల, రేపల్లె)

డాబా మీద తయారయ్యే సౌర విద్యుత్తు ఒక ఇంటికి ఎంత అక్కరకొస్తుందన్నది పలకల సామర్థ్యంతో పాటు ఇంటిల్లిపాది దినచర్య మీద కూడా ఆధారపడి ఉంటుంది. గుంటూరు జిల్లాలోని తెనాలి, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలోని బాపట్ల, రేపల్లె కృష్ణా డెల్టా పట్టణాలు. ఎండకు లోటు లేని ఈ ప్రాంతానికి కరెంటు సరఫరా చేసేది ఏపీసీపీడీసీఎల్.

నేపథ్యం

కేంద్రం 2024 ఫిబ్రవరిలో కోటి ఇళ్ల డాబాలపై సౌర పలకలు పెట్టించే లక్ష్యంతో పీఎం సూర్యఘర్ పథకాన్ని ప్రారంభించింది. ఇందులో 2 కిలోవాట్లకు రూ.60,000, 3 కిలోవాట్లకు, ఆపైన ఎంతైనా రూ.78,000 సబ్సిడీ వస్తుంది.

వాడే వేళలు

ఒక కిలోవాట్ పలకలు రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తాయి. అందులో ఎక్కువ భాగం మధ్యాహ్నానికి అటూ ఇటూ వస్తుంది. ఇంట్లో వాడకం మాత్రం తెల్లవారుజామున మోటారు, గీజరు, రాత్రి ఏసీలతో పెరుగుతుంది. నెట్ మీటరు పగలు లైనుకిచ్చిన యూనిట్లను రాత్రి తీసుకున్నవాటిలోంచి తగ్గిస్తుంది కాబట్టి బిల్లులో ఈ తేడా అంతగా తెలియదు. అయితే ఒకే వీధిలో చాలా ఇళ్లు ఒకేసారి కరెంటును లైనులోకి పంపితే వోల్టేజీ పెరిగి ఇన్వర్టర్లు ఆగిపోవచ్చు. ఒక హెచ్‌పీ మోటారుకు గంటకు సుమారు ఒక యూనిట్ కావాలి. ట్యాంకు నింపడం, బట్టలు ఉతకడం, పిండి రుబ్బడం, ఇస్త్రీ పగటిపూటకు మార్చుకుంటే ఆ కరెంటు అక్కడికక్కడే ఖర్చవుతుంది. బ్యాటరీతో నడిచే ఇళ్లకు ఈ క్రమశిక్షణ ఇంకా అవసరం. బ్యాటరీ లేని వ్యవస్థ, లైన్‌మన్ల భద్రత కోసం, కరెంటు పోగానే మిట్టమధ్యాహ్నమైనా ఆగిపోతుంది.

డాబా, పలకల సంరక్షణ

ఒక కిలోవాట్‌కు దాదాపు 10 చదరపు మీటర్ల స్థలం కావాలి. వడియాలు, మిరపకాయలు, బట్టలు ఆరేసేదీ అదే డాబా మీద. పలకలన్నీ వరుసగా కలిపి ఉంటే, దండెం మీది చీర నీడ ఒక్క పలక మీద పడినా మొత్తం వరుస ఉత్పత్తి తగ్గవచ్చు. మనిషి తిరిగేంత ఎత్తులో ఫ్రేములు కట్టిస్తే రెండు పనులూ సాగుతాయి. దుమ్మును, పక్షిరెట్టలను ఉదయం గాజు చల్లగా ఉన్నప్పుడే కడగాలి. ఉప్పు బోరునీళ్లతో కడిగితే తెల్లటి మరకలు పడతాయి. తీరప్రాంతంలో ఉప్పుగాలికి బోల్టులు తుప్పు పడతాయి. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కాబట్టి ఏటా తుపానుల కాలానికి ముందే బిగింపులు చూసుకోవడం ఇక్కడ తప్పనిసరి.

గోబర్ గ్యాస్

పాడి ఉన్న ఇళ్లలోని గోబర్ గ్యాస్‌కూ ఇదే సూత్రం: ఫలితం ఇంటిల్లిపాది దినచర్య మీద ఆధారపడుతుంది. 2 ఘనమీటర్ల ప్లాంటుకు రోజూ దాదాపు 50 కిలోల పేడ, అంతే నీళ్లు కలిపి పోయాలి. ఈ పని మానేస్తే గ్యాస్ తగ్గిపోతుంది.

వాడకం పెరగడం

‘సోలార్ ఉందిగా’ అని ఏసీ గంటలు పెంచిన ఇంట్లో ఆదా కరిగిపోతుంది. ఏడాది బిల్లులు చూసుకుని, వృథా తగ్గించి, ఆ తర్వాతే సామర్థ్యం ఎంచుకోవడం మేలు. ప్రజాధనంతో సబ్సిడీ అందుకున్న ప్రతి కిలోవాట్‌కూ సార్థకత దక్కేది ఆ ఇంటి పొదుపుతోనే.