అద్దాల మేడకు ఎండ దెబ్బ

అద్దాలతో పెద్ద భవనం కట్టాలన్న మోజు ఈనాటిది కాదు. 1851లో లండన్ హైడ్ పార్కులో జోసెఫ్ పాక్స్‌టన్ ఇనుముతో, గాజుతో క్రిస్టల్ ప్యాలెస్ కట్టాడు. ఆయన అసలు వృత్తి తోటపని. మొక్కల కోసం గాజు ఇళ్ళు కట్టిన అనుభవం ఉంది కనుక, గాజు కింద ఎంత వేడి పుడుతుందో ముందే ఎరుగును. అందుకే పైకప్పు అద్దాల మీద గుడ్డ పరిపించాడు, గోడల్లో గాలి ఆడటానికి తెరిచి మూసే రెక్కలు పెట్టించాడు. చలిదేశంలోనే ఆ అవసరం పడింది. (మన కోహినూరును ఆ భవనంలోనే ప్రదర్శించారు. అది వేరే కథ.)

80 ఏళ్ళ తర్వాత పారిస్‌లో ఆ జాగ్రత్త మరిచిపోయారు. నిలువ నీడ లేని పేదల కోసం సాల్వేషన్ ఆర్మీ సంస్థ ‘సిటె ద రెఫ్యూజ్’ అనే ఆశ్రయాన్ని కట్టించింది. రూపకర్త లె కార్బూజియే. 1933లో తెరిచారు. దక్షిణం వైపు ముఖమంతా ఒకటే అద్దాల గోడ, తెరవడానికి ఒక్క కిటికీ లేదు. ఆయన అనుకున్నది వేరు: రెండు పొరల అద్దం, ఆ రెండింటి నడుమ కాలాన్ని బట్టి వెచ్చటి గాలో చల్లటి గాలో తిరుగుతూ ఉండాలి. డబ్బు చాలక రెండో పొర పోయింది, చల్లబరిచే యంత్రం పోయింది, అద్దం మాత్రం మిగిలింది. చలికాలం బాగానే గడిచింది. వేసవి వచ్చేసరికి లోపలివాళ్ళు ఉడికిపోయారు. కిటికీలు పెట్టి తీరాలని అధికారులు పట్టుబట్టారు, కార్బూజియే ససేమిరా అన్నాడు, చివరికి కిటికీలు వచ్చాయి. 1944లో బాంబు దెబ్బకు ఆ అద్దాలు పగిలాయి. యుద్ధం ముగిశాక బాగుచేసినప్పుడు అద్దాల ముందు ఎండను ఆపే కాంక్రీటు పలకలు బిగించారు. వాటిని ఫ్రెంచిలో ‘బ్రీజ్ సొలే’ అంటారు. తర్వాత చండీగఢ్‌లో ఆయన కట్టిన భవనాల్లో మనకు కనిపించేవి ఇవే.

భవనాల ఏసీ లెక్కలు కట్టడమే నా ఉద్యోగం. ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే. ఎండ గాజులోంచి సులువుగా లోపలికి వస్తుంది, నేలనూ బల్లలనూ కాలుస్తుంది. కాలిన వస్తువుల నుంచి వచ్చే వేడిని మాత్రం గాజు బయటికి పోనివ్వదు. లోపల ఎంత మంచి కర్టెన్ వేసినా వేడి అప్పటికే గదిలోకి వచ్చేసినట్టే. నీడ అద్దానికి బయట ఉండాలి.

అదే రోజుల్లో మన దక్షిణాదిలో దీనికి ఇంకా తెలివైన జవాబు దొరికింది. పుదుచ్చేరిలో అరవిందాశ్రమవాసుల కోసం ఆంటోనిన్ రేమండ్, జార్జ్ నకషిమా, ఫ్రాన్స్వా సామర్ కట్టిన వసతి గృహం పేరు ‘గోల్కొండ్’. నిజాం దివాను సర్ అక్బర్ హైదరీ ద్వారా అందిన విరాళానికి గుర్తుగా మన గోల్కొండ పేరు ఫ్రెంచి రూపంలో దానికి పెట్టారు. పొడవాటి గోడలు రెండూ ఉత్తర దక్షిణాలకు తిరిగి ఉంటాయి. వాటికి గాజు కిటికీలు లేవు. ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పుకోగల అడ్డ పలకలే. గదుల తలుపులు కూడా సందులున్న టేకు పలకలవే కనుక తలుపు వేసినా గాలి ఆగదు. కాంక్రీటు కప్పు మీద ఖాళీ వదిలి మరో వంపు పెంకుల కప్పు వేశారు. వాన ఆగుతుంది, ఎండ ఆగుతుంది, గాలి మాత్రం ఆడుతుంది. ఇంజనీరుగా నాకు చండీగఢ్ కంటే ఇదే ఎక్కువ నచ్చుతుంది. కాంక్రీటు పలకలు పగలంతా వేడి తాగి సాయంత్రం దాన్ని కక్కుతాయి, ఈ పల్చటి పలకలకు ఆ జబ్బు తక్కువ.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, స్వర్ణోత్సవ నిధితో మన సంఘం కట్టించబోయే గ్రంథాలయం నమూనా బొమ్మ చూశాను. పడమటి ముఖమంతా అద్దం. బొమ్మలో చాలా అందంగా ఉంది. మన ఊరు సుమారు 16 డిగ్రీల అక్షాంశంలో ఉంది. దక్షిణపు గోడకైతే నాలుగడుగుల కిటికీ మీద రెండడుగుల సన్‌షేడ్ చాలు, ఫిబ్రవరి చివరి నుంచి అక్టోబరు మూడో వారం దాకా మిట్టమధ్యాహ్నపు ఎండ లోపల పడదు. పడమర సంగతి అలా కాదు. ఏప్రిల్‌లో సాయంత్రం నాలుగింటికి సూర్యుడు 30 డిగ్రీల ఎత్తుకు దిగి ఉంటాడు. అదే కిటికీకి నీడ కావాలంటే చూరు దాదాపు ఏడడుగులు ముందుకు రావాలి. ఏడడుగుల చూరంటే వరండాయే. మన పాత పెంకుల బడికి పడమటి వైపు వరండా ఎందుకు ఉండేదో మన గురువులకు చెప్పనక్కర్లేదు. పరీక్షల రోజుల్లో మనమందరం పుస్తకాలు పట్టుకుని చేరింది అక్కడికే.

అద్దం కావాలనుకుంటే ఉత్తరం వైపు ధారాళంగా పెట్టుకోవచ్చు. అటు మే నుంచి జూలై దాకా తప్ప ఎండ పెద్దగా రాదు, వెలుతురు చదువుకు హాయిగా ఉంటుంది. పడమర వరండా, దాని అవతల రెండు వేప మొక్కలు. ఏసీ లేకుండా ఆ గది ఏడాదిలో చాలా నెలలు నడుస్తుందని నా అంచనా. కరెంటు బిల్లు కట్టాల్సింది బడే కదా. మార్చిన ప్లాను గీసి సంఘం కార్యదర్శి గారికి ఇచ్చాను. శంకుస్థాపనకు ముందు సర్వసభ్య సమావేశం ఉంది. పాత బడిలో చదివినవాళ్ళు, పాఠాలు చెప్పినవాళ్ళు దయచేసి ఆ రోజు వచ్చి రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూడండి.