జమ్మిచెట్టు మీద మూట



పోయిన నెల మా సెకండియర్ కుర్రాడొకడు క్లాసు అయిపోయాక గుమ్మం దగ్గర ఆగాడు. "మాస్టారూ, గుర్రాలు, దొంగలు, కోటలు అన్నీ ఉండాల. అందులో మాలాటోళ్ళు కూడా ఉండాల. తెలుగులో అలాటి నవల ఏటైనా ఉందేటి?" అని అడిగాడు. "మాలాటోళ్ళు" అన్న దగ్గర గొంతు తగ్గించాడు. పేట గురించి అంటున్నాడా, ఇంకో సంగతా అని నేను అడగలేదు. రెండూ అని కాసేపటికి తనే చెప్పాడు.

అప్పుడు ఫోన్లో వాడు చదువుతున్నది మెకంజీ లీ 2017లో రాసిన ఇంగ్లిష్ నవల, 'ద జెంటిల్‌మన్స్ గైడ్ టు వైస్ అండ్ వర్చ్యూ'. పద్దెనిమిదో శతాబ్దంలో ఒక ఇంగ్లిష్ దొరబిడ్డ, అతను ప్రేమించే స్నేహితుడు పెర్సీ యూరప్ యాత్రకు బయల్దేరి దారిదొంగల చేతిలో, తర్వాత సముద్రపు దొంగల చేతిలో పడతారు. పెర్సీ ఒంట్లో నల్లజాతి రక్తం ఉంది. ఇద్దరిదీ ఒకే ప్రేమ, కానీ పట్టుబడితే ఇద్దరికీ పడే శిక్ష ఒకటి కాదు. దొరబిడ్డకి ఆ సంగతి చాలాసేపటి దాకా బుర్రకెక్కదు. మా వాడికి మాత్రం మొదటి అధ్యాయంలోనే ఎక్కింది. ఎందుకెక్కిందో నేను విడిగా చెప్పక్కర్లేదు.

"లేదురా" అనేస్తే సరిపోయేది. కానీ తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసినవాణ్ని, కొంచెం సిగ్గేసింది. నెలరోజులు వెతికాను. తేలిందేమిటంటే, మన సాహసకథల్లో ఆ మనుషులు లేకపోలేదు. చివరి అధ్యాయానికి వాళ్ళని మాయం చేసేస్తాం.

విరాటపర్వంతో మొదలుపెడదాం. తిక్కన భారతం అందుకున్నది అక్కడే. గోగ్రహణం ఘట్టాన్ని భక్తి పక్కనపెట్టి చదవండి. అది పక్కా కుర్రాళ్ళ సాహసకథ. ఉత్తరుడు అంతఃపురంలో కోతలు కోసి, కౌరవసేనని చూడగానే రథం దూకి పరిగెత్తుతాడు. నాట్యం నేర్పే బృహన్నల వెంటపడి, పట్టుకుని, జమ్మిచెట్టు దగ్గరికి తెస్తుంది. ఎక్కి ఆ మూట దించమంటుంది. పాండవులు ఆయుధాలు దాచి, ఎవరూ దగ్గరికి రాకుండా శవం అని పుకారు పుట్టించిన మూట అది. అంటరానితనాన్ని తాళంకప్పలా వాడుకున్నారన్నమాట. వ్యాసుడి మూలంలో ఉత్తరుడు ఏమంటాడో చూడండి: రాజకుమారుణ్ని, శవాన్ని ఎలా తాకను, శవాలు మోసేవాడిలా నన్ను మైలపరుస్తావా అంటాడు.

మా తాతలు శవాలు మోశారు. డప్పు కొట్టి ముందు నడిచారు. అందుకే ఆ మాట దగ్గర నేను ఆగిపోతాను.

బృహన్నల ఏం జవాబిస్తుంది? అవి శవాలు కావు, ధనుస్సులు అంటుంది. ఆ తర్వాత నేను నపుంసకుణ్ని కాను, అర్జునుణ్ని అంటుంది. ఉత్తరుడి రెండు భయాలూ ఒక్కసారే తీరిపోయాయి. మూట మైల కాదు, రథం మీద ఉన్నది పేడి కాదు. మనం ఊపిరి పీల్చుకుంటాం. కానీ ఆ మూటలో నిజంగానే శవం ఉండి ఉంటే? పగ్గాలు పట్టింది నిజంగానే బృహన్నల అయితే? ఆ కథ మన దగ్గర లేదు. 1963లో 'నర్తనశాల'లో ఎన్టీఆర్ బృహన్నల వేస్తే ఆంధ్రదేశం మురిసింది. కాసేపటికి గాండీవం పడతాడని అందరికీ తెలుసు మరి.

తిక్కన ఉన్న ఆ పదమూడో శతాబ్దంలోనే ఓరుగల్లులో ఇంకో కథ నడుస్తోంది. గణపతిదేవుడికి కొడుకుల్లేరు. కూతురు రుద్రమ గద్దెనెక్కింది, శాసనాల్లో 'రుద్రదేవ మహారాజు' అయింది. మగదుస్తులతో కొలువుదీరేదని చెప్పుకుంటారు. ఆమెకి ఇప్పటి పేరు ఏదో ఒకటి తగిలించి మనవైపు లాక్కోవడం నాకిష్టం లేదు. అలాగని "అదంతా రాజనీతి, ఇంకేం లేదు" అని అంత గట్టిగా కొట్టిపడేసేవాళ్ళకి ఆ ధీమా ఎక్కడినుంచి వచ్చిందో కూడా నాకర్థం కాదు. నోరి నరసింహశాస్త్రి ఆమె మీద నవల రాశారు. అడివి బాపిరాజు కూడా రాశారు, గొప్ప సాహస నవల, కుర్రాళ్ళు ఒక్క బిగిన చదువుతారు. దాని పేరు మాత్రం 'గోన గన్నారెడ్డి'. ఆమె ఎప్పుడు చనిపోయిందో మనకి చెప్పింది నల్గొండ జిల్లా చందుపట్లలో దొరికిన 1289 నాటి శాసనం. దాన్ని వేయించింది పువ్వుల ముమ్మడి అనే బంటు. అతని మీద నవల ఎవరూ రాయలేదు.

ఇప్పుడు మావైపుకి రండి. ఇక్కడ తూర్పు భాగవతం ఉంది. తెల్లవార్లూ మృదంగం, పొడుగు జడ, మగవాళ్ళే సత్యభామలు. కూచిపూడిలా అగ్రహారం ఆట కాదు, ఎక్కువగా బ్రాహ్మణేతర కులాల ఆట. నా చిన్నప్పుడు మా పేటలో ఒకాయన భామ కట్టేవారు. రాత్రి ఊరంతా ఆయన జడ వైపే చూసేది. తెల్లారి టీ బడ్డీ దగ్గర ఆయన గ్లాసు వేరు. నడకలో ఆ ఒయ్యారం పగలు కూడా కొంచెం మిగిలిపోయేది, దానికి వేరే పేర్లు పెట్టి పిలిచేవారు. కులానికి ఒక తిట్టు, నడకకి ఒక తిట్టు. నేనూ నవ్వాను. పదేళ్ళవాణ్ని అనేది సాకు కాదు.

1919లో, ఫసలీ లెక్కలో 1329లో, నిజాం రాజ్యంలో ఒక చట్టం వచ్చింది. 1871లో బ్రిటిష్‌వాళ్ళు నేరస్థ జాతుల చట్టంలోనే నపుంసకులకి ఒక భాగం కేటాయించి రిజిస్టర్లు పెట్టారు. ఇదీ అదే అచ్చు. పేర్లు రిజిస్టర్లో రాస్తారు. పేరెక్కినవాళ్ళు ఆడబట్టలతో వీధిలో కనిపించినా, పదిమందిలో ఆడినా పాడినా వారంటు లేకుండా అరెస్టు చెయ్యొచ్చు. పదహారేళ్ళలోపు మగపిల్లాడు వాళ్ళింట్లో ఉన్నా నేరమే. సరిగ్గా ఆ కాలంలోనే కోస్తాలో స్థానం నరసింహారావు చీరకట్టి రంగం మీదికొచ్చారు. ఆయన సత్యభామకి జనం నీరాజనం పట్టారు, 1956లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ప్రతిభకి నేనూ దణ్ణం పెడతాను. నేను అడిగేదొకటే: అదే చీర, అదే పాట, ఒకరికి బిరుదు, ఒకరికి జైలు ఎలా అయింది? తెర పడ్డాక చీర విప్పేవాడు కళాకారుడు, విప్పనివాడు నేరస్థుడు. ఆ చట్టం నిజాం పోయినా, ఆంధ్రప్రదేశ్ వచ్చినా, తెలంగాణ విడిపోయినా పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు 2018లో కోర్టుకెక్కితే, 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. నూటనాలుగేళ్ళు!

ఇదంతా మా వాడికి చెప్పాను. వాడు నోట్సు రాసుకోలేదు. వారం తిరక్కుండా నాలుగు కాగితాలు పట్టుకొచ్చాడు. 1919, హైదరాబాదు. హీరోకి పదిహేనేళ్ళు, ఊళ్ళో శవాలు మోసే ఇంటినుంచి పారిపోయి ఒక హిజ్రా గురువు ఇంట్లో పెరుగుతున్న పిల్ల. మగపిల్లాడని ఊరంటుంది, పిల్ల అని మా వాడు రాశాడు. రిజిస్టర్లో గురువు పేరెక్కే లోపు పట్నం దాటాలి. నేను మాస్టారి బుద్ధి పోనిచ్చుకోకుండా, "మరి వేషం ఏ అధ్యాయంలో విప్పుతాడ్రా?" అని అడిగేశాను. వాడు నాకేసి అదోలా చూశాడు. "వేషం కాదు గదా మాస్టారూ" అన్నాడు.

ఇప్పుడు ఇద్దరం దారి లెక్కలేస్తున్నాం. హైదరాబాదు నుంచి బెజవాడకి అప్పటికే రైలుంది. బెజవాడలో నిజాం చట్టం చెల్లదు, కానీ 1860 నుంచి 377 కాసుకుని కూచుంది. అక్కణ్నించి విజయనగరం, అక్కడ బండి మారితే పార్వతీపురం లైను. గురువునీ పిల్లనీ గజపతినగరం స్టేషన్లో దింపాలని వాడి పట్టుదల. దిగాక వాళ్ళకి ఏ పేటలో ఇల్లు దొరుకుతుందన్న దగ్గర ఆగిపోయాం. నాకు తోచినవన్నీ వాడికి నచ్చలేదు, రెండో అధ్యాయం వాడే రాసుకొస్తానన్నాడు.

వచ్చే ఆదివారం తర్వాతి భాగం. జై భీమ్.