ఒక చెట్టు, 7000 నారింజలు

మా దొడ్లో బావి పక్కన ఒక నారింజ చెట్టు ఉండేది. పుష్యమాసానికల్లా కాయలు పండి చెట్టంతా పచ్చబడేది. ఊరికి కొత్తగా వచ్చిన పిల్లలు కమలాపండనుకుని ఒక తొన నోట్లో వేసుకునేవాళ్లు. ముందు పులుపు, దాని వెనకే గొంతు దాకా పాకే చేదు. రెండో తొన అడిగినవాళ్లు లేరు. అంగట్లో ఎవరూ కొనని ఆ కాయల్లో ఒక్కటి కూడా మా అమ్మమ్మ నేలపాలు కానిచ్చేది కాదు. రసం పులిహోరకు, ముక్కలు ఊరగాయకు వాడేది. పిండిన డిప్పలతో రాగి చెంబులు తోమేది. ఎండిన తొక్కలు దంచి నలుగుపిండిలో కలిపేది. ఎండాకాలం ఆకులు నలిపి మజ్జిగలో వేసేది.

2026 ఏప్రిల్ 21కి మొదటి పానిపట్టు యుద్ధం జరిగి 500 ఏళ్లు. ఫిరంగుల గురించీ ఇబ్రహీం లోడీ గురించీ అందరూ రాస్తారు, రాయాలి కూడా. నాకు మాత్రం ఆ యుద్ధం గెలిచిన బాబరు పేరు వింటే మా బావి పక్క చెట్టు గుర్తొస్తుంది. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

పుల్ల నారింజకు తల్లి పంపరపనస, తండ్రి కమలా జాతి అని జన్యువులు చదివినవాళ్లు చెబుతున్నారు. నిమ్మ జాతులన్నిటికీ పుట్టిల్లు తూర్పు హిమాలయాల దిగువ ప్రాంతమని 2018లో వచ్చిన పరిశోధన తేల్చింది. చరక సంహిత నారింజను ‘నాగరంగం’ అంది. అన్నానికి రుచి పుట్టిస్తుందట, వాతాన్ని అణుస్తుందట, అరగడం మాత్రం కష్టమట. తమిళంలో ‘నారు’ అంటే వాసన వేయడం. నారంగం అనే మాట ఆ ద్రావిడ మూలం నుంచే వచ్చిందని చాలామంది భాషావేత్తల అభిప్రాయం. పూత పూసిన నారింజ చెట్టు కింద ఒకసారి నిలబడితే నమ్మబుద్ధవుతుంది.

పదో శతాబ్దపు అరబ్బు చరిత్రకారుడు అల్ మసూదీ ఈ చెట్టు ప్రయాణం రాసిపెట్టాడు. హిజ్రీ 300, అంటే క్రీ.శ. 912 తర్వాత, దాన్ని హిందూదేశం నుంచి తెచ్చి ముందు ఒమాన్‌లో నాటారట. తర్వాత బస్రా, ఇరాక్, సిరియాలకు పాకిందట. అయితే కొత్త నేలలో, కొత్త నీళ్లలో పుట్టింటి పరిమళం పోయిందని ఆయన బాధపడ్డాడు. ఆ ఒక్క వాక్యం కోసం ఆయన్ను నేనెప్పటికీ మరచిపోలేను.

అక్కడి నుంచి ఆరు వందల ఏళ్లు దాటి 1519 జనవరికి వస్తే, బాబరు బజౌర్ కోటను పట్టుకున్నాడు. మూడు వేల మందికి పైగా చనిపోయారని ఆయనే రాసుకున్నాడు. ఆ కోటను ఖ్వాజా కలాన్ అనే నమ్మకస్తుడికి అప్పగించాడు. కొన్నేళ్ల తర్వాత హిందుస్థాన్‌లో కూర్చుని ఇక్కడి పళ్ల గురించి రాస్తుండగా నారింజ దగ్గర ఆయన కలం ఆగింది. లమ్‌గాన్ నారింజ చిన్నదిగా, బొడ్డుతో, పల్చటి తొక్కతో రసం నిండి ఉంటుందట. అందుకే కాబూల్ చేరేలోపే చాలా కాయలు చెడిపోతాయట. అస్తరాబాద్ కాయకు తొక్క మందం, రసం తక్కువ. దాంతో అది ఎంతో దూరంలోని సమర్‌ఖండ్ దాకా పెద్దగా చెడకుండా చేరుతుందట. బజౌర్ కాయ మాత్రం పెద్దది, రసం ఎక్కువ, పులుపు మిగతావాటికన్నా ఎక్కువ. అక్కడే ఖ్వాజా కలాన్ మాట వస్తుంది. అలాంటి చెట్టు ఒక్కదాని కాయలు కోసి లెక్కపెడితే 7000 తేలాయని అతను బాబరుతో చెప్పాడు.

అన్ని పుల్ల కాయలు ఓపిగ్గా లెక్కపెట్టించిన మనుషులంటే నాకు ప్రాణం. బాబరు ఇంకో ముక్క కూడా చేర్చాడు. ‘నారంజ్’ అనేది అరబ్బులు మార్చుకున్న రూపమేమోనని ఆయనకు మొదటి నుంచీ అనుమానం. బజౌర్, స్వాత్‌లలో అందరూ ‘నారంగ్’ అనడం విన్నాక అది నిజమేననిపించిందట. కోటలు పట్టుకుంటూ తిరిగే మనిషి ఒక కాయ పేరు ఎలా పలుకుతున్నారా అని చెవి ఒగ్గి విన్నాడు.

అంతకు ముందే, 1508-09లో, ఇప్పటి జలాలాబాద్ దగ్గర ఆయన బాగ్-ఎ-వఫా అనే తోట వేయించాడు. తోటలో నైరుతి మూల పదికి పది కొలతల కొలను, దాని చుట్టూ నారింజ చెట్లు, కొన్ని దానిమ్మలు, వాటిని చుట్టి పచ్చిక. తోట మొత్తంలో అదే మేలైన చోటని, నారింజలు రంగు తిరిగినప్పుడు చూసి తీరాలని రాశాడు. బాబరు దగ్గరుండి ఆ తోట వేయించే దృశ్యాన్ని 1590 ప్రాంతంలో బిషన్‌దాస్, నన్హా చిత్రించారు. అది లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. అందులో తోటమాలులు నూలు పట్టుకుని మడులు కొలుస్తుంటారు.

ఐరోపా కథ తొందరగా చెప్పొచ్చు. అరబ్బుల వెంట నారింజ స్పెయిన్ చేరింది. 1493లో కొలంబస్ రెండో యాత్రలో గింజలు అమెరికా దీవులకు వెళ్లాయి. తియ్య నారింజ బాగా వ్యాపించేదాకా ఐరోపాలో నారింజ అంటే ఈ చేదుదే. స్కాట్లండ్‌లోని డండీ ఊళ్లో ఒక కథ చెబుతారు. తుఫానుకు ఆగిన స్పెయిన్ ఓడలోని చేదు నారింజలను కీలర్ కుటుంబం చవగ్గా కొని, ఉడికించి మార్మలేడ్ కనిపెట్టిందట. వాళ్ల వ్యాపారం 1797లో మొదలైంది, నిజమే. నారింజ మార్మలేడ్ చేసే పద్ధతి మాత్రం 1677 నాటి ఇంగ్లిష్ వంట పుస్తకంలోనే ఉంది.

ఆధునిక కాలానికొచ్చేసరికి నారింజ ఒక్క దారిన నడవడం మానేసింది. వేరు గట్టిదని తోటమాలులు దాన్ని అంటుమొక్కల కిందికి దింపారు. ట్రిస్టెజా వైరస్ వచ్చి 1930ల నుంచి దక్షిణ అమెరికాలో, పుల్ల నారింజ వేరు మీద కట్టిన తియ్య నారింజ చెట్లను లక్షల్లో చంపింది. పుల్ల నారింజ తొక్కలోని చేదు పదార్థం నుంచి 1960లలో అమెరికా శాస్త్రవేత్తలు పంచదార కన్నా వెయ్యి రెట్లకు పైగా తియ్యనైనదాన్ని తయారుచేశారు. స్పెయిన్‌లోని సెవిల్ నగర వీధుల్లో 40 వేలకు పైగా చెట్లున్నాయి. అక్కడ రాలిన కాయల రసాన్ని పులియబెట్టి, ఆ వాయువుతో కరెంటు తీసే ప్రయోగం 2021లో మొదలుపెట్టారు. మన దగ్గర జరిగింది వేరు. గుంటూరు పేరుతోనే ఒక పుల్ల నారింజ ఉంది. కిచ్చిలి అని కూడా అంటారు. జపాన్ శాస్త్రవేత్త తనకా దానికి మద్రాసు పేరు కలిపి సిట్రస్ మదెరాస్పటానా అన్నాడు. శాస్త్రం గుర్తుపెట్టుకున్న చెట్టును మనం కారు షెడ్ల కోసం కొట్టేశాం. పిల్లల పుస్తకంలో నారింజ ఇప్పుడు ఒక రంగు, లేదా తియ్యటి కమలా.

ఇంకా చెట్టు ఉన్నవాళ్ల కోసం నాలుగు మాటలు. పులిహోరకు పోపు దించి చల్లారాకే రసం కలపండి, పొయ్యి మీద పోస్తే చేదెక్కుతుంది. పిండిన రసం నిల్వ పెట్టినా చేదు పెరుగుతుంది, ఏ పూటకాపూట పిండుకోవడమే మేలు. ఊరగాయకు ముక్కలను ఉప్పు, పసుపుతో మూడు రోజులు జాడీలో ఊరనిచ్చి, అప్పుడు కారం, మెంతిపిండి, ఇంగువ పోపు పెట్టండి. కొంచెం బెల్లం పడితే చేదు లొంగుతుంది. మార్మలేడ్‌కైతే గింజల్ని పారేయకండి. గడ్డకట్టించే పెక్టిన్ ఎక్కువగా గింజల్లో, తొక్క లోపలి తెల్లటి పొరలో ఉంటుంది. వాటిని పల్చటి గుడ్డలో మూటగట్టి, సన్నగా తరిగిన తొక్కతో కలిపి రాత్రంతా నానబెట్టాలి. పొద్దున తొక్క మెత్తబడేదాకా ఉడికించి, మూటను పిండి తీసేశాక కిలో కాయలకు దాదాపు రెండు కిలోల పంచదార వేయాలి. చల్లటి పళ్లెం మీద ఒక చుక్క వేసి వేలితో నెడితే ముడత పడిందా, పొయ్యి ఆపొచ్చు. రోజూ మాత్రలు వాడేవాళ్లు మాత్రం డాక్టర్ని అడిగి తినాలి. ద్రాక్షపంపర (గ్రేప్‌ఫ్రూట్) లాగే ఇదీ కొన్ని మందుల ప్రభావాన్ని పెంచుతుంది.

మా బావి పూడ్చినప్పుడే ఆ చెట్టూ పోయింది. ఈ పుష్యంలో అక్కయ్య వాళ్ల దొడ్లోంచి ఒక సంచి కాయలు తెచ్చుకున్నాను. లెక్కపెడితే అరవై మూడు. గింజల్లో చాలావరకు గుడ్డ మూటలోకి పోయాయి. పన్నెండు మాత్రం కుండీలో నాటాను. నారింజ గింజ ఒక్కొక్కసారి రెండు మూడు మొలకలెత్తుతుంది, వాటిలో ఎక్కువ తల్లిచెట్టు పోలికే. ఇవాళ్టికి తొమ్మిది గింజలు లేచాయి, మొలకలు పదిహేను.