ఇంటి కంప్యూటరే సర్వరు: ఏ ఆపరేటింగ్ సిస్టంలో స్థాపన సులభం?

సర్వరు అనగా అడిగిన వారికి సమాచారాన్ని అందించే కంప్యూటరు. అందుకు ఖరీదైన యంత్రమే కావాలన్న నియమం లేదు. ఇంట మూలనున్న పాత కంప్యూటరులో సర్వరు సాఫ్ట్‌వేరు స్థాపించి, పిల్లల పాఠాలనో, కివిక్స్ ద్వారా దింపుకున్న తెలుగు వికీపీడియానో ఉంచితే, వైఫై రూటరు పరిధిలోని ఫోన్లన్నింటిలో నెట్ ఖర్చు లేకుండా చదువుకోవచ్చు. సిగ్నలు నిలకడగా ఉండని సరిహద్దు గ్రామాలకు ఇది ఎంతో ఉపయుక్తం.

తిరువొత్తియూరు ల్యాప్‌టాప్‌లు

చెన్నై ఉత్తరపు కొసన, ఎన్నూరు దారిలోని తిరువొత్తియూరులో తెలుగు కుటుంబాలు ఉన్నాయి. తమిళనాడు ప్రభుత్వం 2011 సెప్టెంబరులో ప్రారంభించిన ఉచిత ల్యాప్‌టాప్ పథకం అక్కడి ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకూ వర్తించింది. తొలినాటి యంత్రాలలో విండోస్‌తో పాటు, సీడాక్ సంస్థ చెన్నైలో రూపొందించిన బాస్ లినక్స్ కూడా ఉండేది. అటువంటి యంత్రం బంధువుల ద్వారా గ్రామానికి చేరినప్పుడు, సర్వరును దేనిపై స్థాపించాలన్న ప్రశ్న ఎదురవుతుంది.

విండోస్

ఆరంభించడం ఇందులో తేలిక. జాంప్ అనే ఉచిత ప్యాకేజీతో అపాచీ వెబ్ సర్వరు, మరియాడీబీ డేటాబేసు, పీహెచ్‌పీ ఒకేసారి వస్తాయి; అంతా మౌసుతోనే పూర్తవుతుంది. అయితే ప్రత్యేకంగా అమర్చుకోకపోతే, కంప్యూటరు తెరిచిన ప్రతిసారీ సర్వరును చేత్తో ప్రారంభించాలి. డేటాబేసు ప్రధాన ఖాతాకు మొదట పాస్‌వర్డు ఉండదు, వెంటనే పెట్టుకోవాలి. ఫైర్‌వాల్ అనుమతి అడిగినప్పుడు ప్రైవేటు నెట్‌వర్కుకు మాత్రమే ఇవ్వాలి.

లినక్స్

టెర్మినల్‌లో ఆజ్ఞలు టైపు చేయవలసి రావడం కొత్తవారికి బెరుకు కలిగిస్తుంది. కానీ డెబియన్, ఉబుంటు, బాస్ వంటి వాటిలో ఒక్క ఆజ్ఞతోనే అపాచీ స్థాపితమై, తక్షణం పని ప్రారంభిస్తుంది. కరెంటు పోయి వచ్చాక కంప్యూటరు తెరిస్తే చాలు, సర్వరు తనంతట తానే మొదలవుతుంది. సిస్టంకు వచ్చే భద్రతా సవరణలతో పాటే సర్వరుకూ సవరణలు అందుతాయి.

మాక్

అపాచీ ఇందులో ముందే ఉంటుంది. కానీ 2021 నాటి మాంటెరే నుండి పీహెచ్‌పీని తొలగించారు. మాక్ఓఎస్ సర్వర్ అనువర్తనాన్ని 2022లో నిలిపివేశారు. కావలసినవి విడిగా తెచ్చుకోవాలి.

ఏది మేలు?

ఒక పూట నేర్చుకోవడానికైతే విండోస్ చాలు. నెలల తరబడి నడవాలంటే లినక్స్ మేలు. పైగా విండోస్ 7కు 2020 జనవరిలో, విండోస్ 10కు 2025 అక్టోబరులో సాధారణ మద్దతు ముగిసింది. నాటి బాస్ కూడా పాతబడినదే. కనుక యంత్రంలోని ఫోటోలు, పత్రాలు వేరొకచోట భద్రపరచి, యంత్రం శక్తికి తగిన కొత్త లినక్స్ ఎక్కించాలి. మూత మూసినా నిద్రావస్థకు పోకుండా ల్యాప్‌టాప్‌ను అమర్చాలి.

ఏ సిస్టం ఎంచుకున్నా, రూటరులో బయటి ఇంటర్నెట్‌కు దారి తెరవరాదు. ఇంటి సర్వరు ఇంటికే పరిమితమైతే క్షేమం.