35 ఏళ్ల రికార్డు, ఒక్క స్ప్రెడ్‌షీట్: గేర్ మార్చే ఆటల కథ

ఎల్లారెడ్డి నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టిండు. "అన్నా, డ్రాగ్ రేస్‌లో గ్రీన్ లైట్ పడ్డప్పుడే గేర్ మారుస్తున్నా, కారు కూడా ఫుల్ అప్‌గ్రేడ్, అయినా ఓడిపోతున్నా. ఎందుకు?" మంచి ప్రశ్న. దీనికి జవాబు చెప్పాలంటే 1980కి పోవాలి. కొంచెం ఓపిక పట్టండి.

డ్రాగ్ రేస్ అంటే తెలుసు గదా, మలుపుల్లేని దారి, పావు మైలు, అంటే 402 మీటర్లు. అమెరికాలో 1951లో వాలీ పార్క్స్ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ అనే సంస్థ పెట్టి దీనికి రూల్స్ తెచ్చాడు. స్టీరింగ్ పని పెద్దగా ఉండదు. స్టార్టింగ్ ఒకటి, గేర్లు ఒకటి. అందుకే వీడియో గేమ్ చేసేవాళ్లకి ఇది బాగా నచ్చింది, ఎందుకంటే బొమ్మలు తక్కువ, టైమింగ్ ఎక్కువ.

1980లో యాక్టివిజన్ అనే కొత్త కంపెనీ అటారి 2600 కోసం 'డ్రాగ్‌స్టర్' అనే గేమ్ తెచ్చింది. రాసింది డేవిడ్ క్రేన్. గేమ్ మొత్తం సైజు 2 కిలోబైట్లు. మీరు వాట్సాప్‌లో పంపే గుడ్ మార్నింగ్ ఫొటో దీనికంటే ఎన్నో రెట్లు పెద్దది! ఆ మెషీన్‌కి ర్యామ్ 128 బైట్లు. అంత చిన్న జాగాలో నాలుగు గేర్లు, క్లచ్, టాకోమీటర్, అన్నీ పెట్టాడు. బటన్ నొక్కితే యాక్సిలరేటర్. జాయ్‌స్టిక్ ఎడమకు తోస్తే క్లచ్, వదిలితే తర్వాతి గేర్. ఆర్‌పీఎం హద్దు దాటితే ఇంజిన్ పేలిపోతుంది. 6 సెకన్ల లోపు పూర్తి చేసి టీవీ స్క్రీన్ ఫొటో పంపితే కంపెనీ ఒక బ్యాడ్జ్ గుడ్డ పంపేది. ఒక ఇంజినీర్‌గా ఈ గేమ్‌కి నేను దండం పెడతా.

ఇప్పుడు అసలు కథ. టాడ్ రోజర్స్ అనే ఆటగాడు దీన్ని 5.51 సెకన్లలో పూర్తి చేశాడని 1982 రికార్డుగా ట్విన్ గెలాక్సీస్ లిస్టులో ఉండేది. గిన్నిస్ వాళ్లు కూడా ఎక్కువకాలం నిలిచిన వీడియో గేమ్ రికార్డుగా దాన్ని గుర్తించారు. చాలామంది ఆడారు, గొప్ప ఆటగాళ్లు కూడా 5.57 దగ్గరే ఆగిపోయారు. తేడా 0.06. ఆ గేమ్ టైమర్ దాదాపు సెకనులో ముప్పయ్యో వంతు చొప్పున కదులుతుంది, అంటే తేడా రెండంటే రెండు అడుగులు. ఆ రెండడుగులు ఎవరివల్లా కాలేదు.

2017లో ఎరిక్ కోజియెల్ అనే ఇంజినీర్ దీన్ని పట్టుకున్నాడు. ఆయన గేమ్ కోడ్ విప్పి, స్పీడ్, ఆర్‌పీఎం, గేర్ ఒకదాన్ని ఒకటి ఎట్లా మారుస్తాయో స్ప్రెడ్‌షీట్‌లో పెట్టాడు. ఏ క్షణంలో గేర్ మారిస్తే ఏమవుతుందో అన్నీ లెక్క కట్టాడు. వచ్చిన జవాబు: ఎంత పర్ఫెక్ట్‌గా ఆడినా 5.57. రెండో గేర్‌లో స్టార్ట్ చేశానని రోజర్స్ చెప్పాడు, మోసం చేయలేదనే అన్నాడు. ఆ పద్ధతిలో 5.51 ఎవరూ చేసి చూపించలేకపోయారు. 2018 జనవరిలో ట్విన్ గెలాక్సీస్ ఆయన స్కోర్లన్నీ తీసేసింది. తర్వాత గిన్నిస్ కూడా తీసేసింది. ఒక మనిషి 35 ఏళ్ల పేరు పోయింది. నాకైతే ఇది కొంచెం బాధగానే ఉంటుంది, కానీ లెక్క లెక్కే. ఇన్నేళ్లు 5.57 చేసి "నేను సెకండ్" అనుకున్నవాళ్లకి కూడా న్యాయం జరగాలి గదా.

సరే, తమ్ముడి ప్రశ్నకి వద్దాం. కామారెడ్డి దిక్కు చెరుకు లోడ్ ట్రాక్టర్ చూసే ఉంటారు. చిన్న గేర్‌లో ఇంజిన్ మస్తు తిరుగుతుంది, చక్రం మెల్లగా తిరుగుతుంది, కానీ బలం ఎక్కువ. గేర్ రేషియో అంటే గంతే. ఇప్పుడు మీ కారుకి ఫస్ట్ గేర్ 3.0, సెకండ్ 2.0 అనుకోండి. 7000 ఆర్‌పీఎం దగ్గర గేర్ మారిస్తే ముల్లు 4667కి పడుతుంది. ఇంజిన్ టార్క్ 7000 దగ్గర 180, 4667 దగ్గర 240 అనుకుందాం. ఫస్ట్‌లో 180 ఇంటూ 3, 540. సెకండ్‌లో 240 ఇంటూ 2, 480. అంటే టార్క్ పడిపోయినా ఫస్ట్ గేరే ఇంకా గట్టిగా తోస్తోంది! రెడ్‌లైన్ అనుమతిస్తే ఇంకొంచెం ఆగాలి. ఈ రెండు నంబర్లు సమానమయ్యే చోటే మీ షిఫ్ట్ పాయింట్. టైర్లు జారుతుంటే మాత్రం లెక్క వేరు, అప్పుడు ముందే మార్చేయాలి.

2003లో నీడ్ ఫర్ స్పీడ్ అండర్‌గ్రౌండ్ మనకు గ్రీన్ లైట్ అలవాటు చేసింది. కామారెడ్డి నెట్ సెంటర్‌లో గంట లెక్కన డబ్బులు కట్టి నేను కూడా దాన్నే నమ్మి ఆడేవాణ్ని. మరుసటి ఏడాది అండర్‌గ్రౌండ్ 2లో గేర్ రేషియోలు కూడా మార్చుకోనిచ్చారు. 2011లో ఎస్టోనియాకి చెందిన క్రియేటివ్ మొబైల్ 'డ్రాగ్ రేసింగ్' ఆండ్రాయిడ్‌కి తెచ్చింది. అప్పటినుంచి ఇగ మొదలైంది, "ఈ కారుకి ఈ నంబర్లు పెట్టు" అని ఒకరి ట్యూన్ ఒకరు కాపీ కొట్టడం. వాళ్ల కారు బరువు, టర్బో, టైర్లు వేరు, మీవి వేరు. ఒక్క అప్‌గ్రేడ్ మారినా ఆ ట్యూన్ పనికిరాదు.

కాబట్టి తమ్ముడూ, ముందు ఫైనల్ డ్రైవ్ చూడు. ఫినిష్ లైన్ దాటేటప్పుడు ఆఖరి గేర్‌లో ముల్లు రెడ్‌లైన్‌కి కొంచెం కింద ఉండాలి. ముందే రెడ్‌లైన్ తగిలితే ఫైనల్ డ్రైవ్ నంబర్ తగ్గించు. ఆఖరి గేర్‌కి పోకుండానే రేస్ అయిపోతే పెంచు. తర్వాత ఫస్ట్ గేర్, ఆ తర్వాతే మధ్యలోవి. ఒక్కసారికి ఒక్కటే మార్చి, మూడు సార్లు ఆడి, టైమ్ రాసుకో. టైమ్ ఎంత తగ్గిందో నాకు పంపు, స్క్రీన్‌షాట్‌తో సహా!